తగ్గిందంటే దొరికిందని కాదు

థ్రాటిల్ పూర్తిగా నొక్కాను. జెట్ స్కీ ముక్కు పైకి లేచింది, నీటిని చీల్చుకుంటూ సర్దుకుంది, వేగం అందుకుంది. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. పది దాటేలోపు ఇంజన్ గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. కూత కాస్తా మూలుగులోకి దిగింది. ముక్కు కిందికి వాలింది, నేను లేపిన అలే వెనక నుంచి వచ్చి నన్ను ముందుకు తోసింది. థ్రాటిల్ వదిలేశాను. తనకేమీ తెలియనట్టు ఇంజన్ టకటకమంటూ ఐడిల్‌లో కూర్చుంది.

నా జెట్ స్కీ పాతది. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్లు రెండు. (జెట్ స్కీ అన్నది నిజానికి కవాసకీ వాళ్ళ పేరు. 1970ల్లో వాళ్ళు తొలి బళ్ళు అమ్మకానికి పెట్టిన నాటి నుంచి అది అందరి బళ్ళకూ అంటుకుంది. నేనూ అలాగే వాడతాను.) బండిని ఒడ్డుకు చేర్చి, ట్రైలర్ మీదికి లాగి, మళ్ళీ స్టార్ట్ చేసి రెండుసార్లు గట్టిగా రైజ్ చేశాను. వంక పెట్టడానికి లేదు. వేలు కదిలిన మరుక్షణం ఇంజన్ లేస్తోంది. ఇంజన్ బాగానే ఉంది, నిప్పురవ్వ వేసే ప్లగ్గులే పోయి ఉంటాయని తేల్చేసి కొత్తవి బిగించాను. మర్నాడు నీళ్ళ మీద అదే పది లెక్క, అదే మూలుగు.

ట్రైలర్ మీద చూసిన ఆ రెండు నిమిషాలే నన్ను మొదటిసారి తప్పుదారి పట్టించాయి. ఈ బండికి చక్రం లేదు, గేరు లేదు. ఇంజన్ తిప్పేది ఇంపెల్లర్‌ను, ఇంపెల్లర్ తొయ్యాల్సింది నీటిని. నీరు లేనప్పుడు అది గాలిలో ఊరికే తిరిగే పంకా. నీళ్ళలో దిగాక లెక్క మారిపోతుంది. ఇంపెల్లర్ వేగం రెట్టింపైతే అది ఇంజన్‌ను అడిగే శక్తి ఇంచుమించు ఎనిమిది రెట్లవుతుంది. శక్తి ఎంత కావాలో పెట్రోలూ అంత కావాలి. ఒడ్డున ఇంజన్ అడిగేది గుక్కెడు, నీళ్ళ మీద అడిగేది కడవెడు. గుక్కెడు ఇవ్వగలిగిన గొట్టం కడవెడు ఇవ్వగలదో లేదో ఒడ్డున ఎలా తెలుస్తుంది? పైగా ఒడ్డున నీరు లేకుండా తిప్పితే ఎగ్జాస్టు వైపు రబ్బరు గొట్టాలు మాడతాయి, షాఫ్టు దగ్గరి కార్బన్ సీలు ఎండి వేడెక్కుతుంది. కొన్ని క్షణాలకు మించి తిప్పకూడదు. నీటి గొట్టం తగిలించి నడిపేటప్పుడు కూడా ముందు ఇంజన్, తరువాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తరువాత ఇంజన్. ఈ వరస తప్పితే ఎగ్జాస్టు దారిలో నీరు సిలిండర్లోకి ఎక్కుతుంది. అప్పుడు మొరాయించడం గురించి కాదు, ఇంజన్ విప్పడం గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ప్లగ్గుల తరువాత నా చెయ్యి కార్బురేటర్ మీద పడింది. ఎందుకు పడిందో ఇప్పుడు నిజాయతీగా చెప్పగలను: దానికి స్క్రూ ఉంది కాబట్టి. బండిలో మిగతావేవీ తిప్పమని పిలవవు. పెట్రోలు గొట్టం నల్లగా మౌనంగా పడి ఉంటుంది, ట్యాంకు కనబడదు, పెట్రోలు తెరిచి మూసే వాల్వు డాష్‌బోర్డు వెనక ఎక్కడో దాక్కుంటుంది. కార్బురేటర్ ఒక్కటే మన ఎదురుగా ఉండి, తల మీద గాటు పెట్టుకుని, స్క్రూడ్రైవర్ కోసం ఎదురుచూస్తుంటుంది. పూర్తి థ్రాటిల్‌లో ఆగుతోంది గనుక పై వేగంలో పెట్రోలు పాలు సరిచేసే హైస్పీడ్ స్క్రూలు రెండింటినీ చెరి అరచుట్టు బయటికి తిప్పాను. అంటే పెట్రోలు పెంచాను.

తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ పది లెక్క ఇరవై దాటింది, మూలుగు చిన్న తడబాటుగా మారింది. ఆ సాయంత్రం నేను నడిచిన తీరు చూస్తే ఇంజన్‌ను కనిపెట్టింది నేనే అనుకునేవారు.

మూడు వారాలు అలా గడిచాయి. తరువాత ఒకరోజు మళ్ళీ మొదటికొచ్చింది. మరో అరచుట్టు తిప్పాను. మళ్ళీ తగ్గింది. ఈసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ ఎక్కువగా వస్తోందనిపించింది, కానీ పట్టించుకోలేదు. మనం వెతుకుతున్న జవాబు దొరికిందని నమ్మిన తరువాత కళ్ళు చూసే పని మానేస్తాయి.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇదొక్కటే. లక్షణం తగ్గడం వేరు, లోపం దొరకడం వేరు. జెట్ స్కీ ఇంజన్ల విషయంలో ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం తెలివితక్కువతనం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఎందుకో చూడండి. సిలిండర్‌కు తెలిసింది ఒక్కటే: వచ్చిన గాలికి తగినంత పెట్రోలు వచ్చిందా, రాలేదా. రాకపోవడానికి ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోవడం కారణం కావచ్చు. ఫిల్టరు పూడిపోవడం, పంపులో డయాఫ్రం అనే పల్చని పొర బిగుసుకుపోవడం, గొట్టానికి పగులు రావడం, పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రంలో, అంటే జెట్టులో, మురికి చేరడం, ఏదైనా కావచ్చు. సిలిండర్‌కు ఇవన్నీ ఒకటే. హైస్పీడ్ స్క్రూ తిప్పి దారి వెడల్పు చేస్తే ఈ కారణాల్లో ఏది ఉన్నా ఎంతో కొంత తగ్గుతుంది. ఏది ఉన్నా తగ్గించే పని, ఏది ఉందో చెప్పలేదు. చివరి మడికి నీళ్ళు అందకపోతే మడవ వెడల్పు చేసుకున్నట్టే ఇది. పైన కాలువకు గండి పడి ఉంటే, మడవ ఎంత తవ్వుకున్నా ఆ గండి గండిగానే ఉంటుంది, రోజూ ఇంకాస్త పెద్దదవుతుంది.

ప్రమాదం అన్నాను. టూ-స్ట్రోక్‌లో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలు, గాలి నడిచే దారిలోనే. పెట్రోల్లో ఆయిల్ ముందే కలిపి పోసే బళ్ళలో పెట్రోలు తగ్గితే దానితోపాటు నూనే తగ్గుతుంది. ఆయిల్ పంపు విడిగా ఉన్న బళ్ళలో నూనె వస్తూనే ఉంటుంది గానీ, పలచబడిన మిశ్రమంతో పిస్టన్ తల మాత్రం అంతే కాలుతుంది. వేడెక్కిన పిస్టన్ ఉబ్బి, గోడను గీరుకుంటూ తిరుగుతుంది, చివరికి పట్టేస్తుంది. అంటే పూర్తి థ్రాటిల్‌లో వచ్చే ఆ మూలుగు ఇంజన్ బద్ధకం కాదు, మొర. ‘గట్టిగా నొక్కి పట్టుకుంటే దానంతట అదే దాటుతుంది’ అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. దాటుతుంది నిజమే, ఒక్కోసారి పిస్టన్ లోహంలో కొంత గోడకు వదిలేసి మరీ దాటుతుంది.

నా అదృష్టం కొద్దీ నాకు తెలిసిన ఒక పెద్దాయన అడ్డుపడ్డారు. పడవ ఇంజన్ల మీద చాలాకాలం పనిచేసిన మనిషి. ఇప్పుడు ఎవరి బండీ ముట్టుకోరు, ప్రశ్నలు మాత్రం అడుగుతారు.

“ఎప్పుడు ఆగుతోంది బాబూ?”

“ఫుల్ థ్రాటిల్‌లో అండీ.”

“అది ఎక్కడ ఆగుతోందో చెప్పావు. ఎప్పుడు అని అడిగాను. నొక్కగానేనా, కాసేపటికా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు?”

మొదటి రెండింటికీ జవాబు చెప్పాను. మూడోదానికి నోరు తెరిచి మూశాను. ఇంటికి వెళ్ళాక ఒక్కొక్క రోజూ గుర్తుచేసుకున్నాను. మొదటిసారి మొరాయించిన రోజు పెట్రోలు సగానికి దిగింది. అరచుట్టు తిప్పి గెలిచానన్న రోజు ట్యాంకు నింపుకుని బయల్దేరాను. మూడు వారాలపాటు చేసినవి చిన్న చిన్న ప్రయాణాలు, ప్రతిసారీ నిండు ట్యాంకుతోనే. మళ్ళీ మొదటికొచ్చిన రోజు ముల్లు సగం కిందికి దిగి ఉంది. అంటే నా విజయంలో సగం స్క్రూది కూడా కాదు, నిండు ట్యాంకుది.

అప్పటి నుంచి నేను ‘ఎక్కడ’ కంటే ‘ఎప్పుడు’నే ఎక్కువగా నమ్ముతాను. ఇది అర్థం కావాలంటే ఈ కార్బురేటర్ల నిర్మాణం కొంచెం తెలియాలి. మోటారు సైకిల్ కార్బురేటర్‌కు అడుగున ఒక గిన్నె ఉంటుంది, అందులో తేలే బుడ్డి పెట్రోలు మట్టాన్ని చూసుకుంటుంది. జెట్ స్కీ బోల్తా కొట్టే బండి, ఎగిరి పడే బండి. అందుకే మికునీ సూపర్ బీఎన్ లాంటి కార్బురేటర్లలో గిన్నె ఉండదు. ఒక పల్చని డయాఫ్రం, దాని మీద ఆనుకున్న చిన్న చేయి, ఆ చేయి మోసే సూది వాల్వు, అంతే. ఇంజన్ పీల్చినకొద్దీ డయాఫ్రం లోపలికి వంగి సూదిని లేపుతుంది. ఏ వైపు తిప్పినా పనిచేస్తుంది, కానీ దాచుకోవడానికి చోటు లేదు. గిన్నె ఉన్న ఇంజన్ సరఫరా కాసేపు తడబడినా నిల్వతో నెట్టుకొస్తుంది. దీనికి నిల్వే లేదు.

కాబట్టి థ్రాటిల్ నొక్కిన క్షణంలోనే గొంతు పట్టేసి, తేరుకుంటే ఆ తరువాత బాగానే పోతుంటే, నేను సరఫరా గొట్టాల జోలికి వెళ్ళను. ఐడిల్ దారి నుంచి పెద్ద దారికి మారే చోట లోపం ఉంది: లోస్పీడ్ జెట్టు, సూది వాల్వు తెరుచుకునే ఒత్తిడి, అరిగిన సూది. నొక్కగానే లేచి, కొన్ని క్షణాలు బాగా పోయి, తరువాత నీరసపడితే కార్బురేటర్ అమాయకురాలు. ఇచ్చినదంతా అది ఖర్చు పెట్టేసింది, వెనక నుంచి రావడం లేదు. ట్యాంకు, వాల్వు, ఫిల్టరు, గొట్టం, పంపు చూడాలి. పది నిమిషాలు బాగా నడిచి వేడెక్కాక వస్తే కాయిల్స్, స్టేటర్ లాంటి కరెంటు సామాను మీదికీ, ఎగ్జాస్టు మీదికీ దృష్టి మళ్ళాలి. ఎంత నొక్కినా ఇంజన్ తిరుగుడు సరిగ్గా ఒకే అంకె దగ్గర ఆగిపోయి, అక్కడే హాయిగా నడుస్తుంటే అది వేరే జాతి. కొన్ని రోటాక్స్ ఇంజన్లలో ఎగ్జాస్టు ద్వారం పైభాగాన్ని మూసి తెరిచే రేవ్ వాల్వులు ఉంటాయి. అవి మసి పట్టి మూసుకున్న చోటే బిగుసుకుపోతే ఇంజన్ పై వేగానికి ఎక్కదు. లేదా వేడి సెన్సరు ఏదో చూసి, వేగాన్ని కావాలనే కట్టేసి ఉండవచ్చు.

వీటన్నిటికంటే ముందు ఒక ప్రశ్న ఉంది. నేనది అడగలేదు, ఎందుకంటే నాకు దాని అవసరం రాలేదు. కానీ చాలామందికి వస్తుంది. బండి వేగం పడిపోయినప్పుడు ఇంజన్ తిరుగుడు పడిపోయిందా, పెరిగిందా? ఇంజన్ కీచుమని పైకి లేచి బండి కదలకపోతే ఇంజన్ తప్పే లేదు. ఇంపెల్లర్ చుట్టూ ఉండే రింగు అరిగి, లేదా నాచు చిక్కుకుని, నీటి బదులు బుడగలను తిప్పుతోంది. దీన్ని కూడా ‘పికప్ లేదు’ అనే అంటారు, దీనికీ కార్బురేటర్లు విప్పుతారు. తాడు ముక్క షాఫ్టుకు చుట్టుకుంటే మాత్రం తిరుగుడు తగ్గుతుంది, అచ్చం పెట్రోలు చాలనట్టే ఉంటుంది. బండి పొట్టలో నీళ్ళు నిండి బరువెక్కినా అంతే. ఇంజన్ ఆపి, తాళం తీసి, నీరు పీల్చే కింది జాలీ దగ్గర చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. ఇంజన్ నడుస్తుండగా మాత్రం అటువైపు చెయ్యి పెట్టకూడదు.

మళ్ళీ నా బండికి వస్తాను. పెద్దాయన చెప్పిన మొదటి పరీక్ష ట్యాంకు మూత. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. ఆ గాలి గొట్టంలో లోపలికి మాత్రమే దారి ఇచ్చే చిన్న వాల్వు ఒకటుంటుంది. అది పట్టేస్తే ట్యాంకులో శూన్యం పెరిగి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. నీళ్ళు కదలకుండా ఉన్న చోట, బండి మూలిగిన వెంటనే ఆపి మూత వదులు చేస్తే ‘హిస్స్’ మని గాలి లోపలికి పీల్చుకోవాలి. నాది పీల్చలేదు. మూత వదులుగా ఉంచి నెమ్మదిగా కొంత దూరం నడిపినా తేడా రాలేదు. ట్యాంకు నిర్దోషి.

రెండోది చోక్, అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట. మూలుగు మొదలైన క్షణంలో చోక్ కాస్త లాగితే పుంజుకుంటోందా, ఇంకా కుంగుతోందా? పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదు, కుంగితే ఎక్కువైంది. నాది పుంజుకుంది. ఒక చుట్టు అదనంగా తెరిచిన స్క్రూలతో కూడా చాలడం లేదన్నమాట! ఆ క్షణంలో నా అహం కొంత తగ్గిందనే చెప్పాలి.

మూడో పరీక్ష కోసం బండిని ట్రైలర్‌తో సహా నీళ్ళలోకి దింపాం. జాలీ కింద కనీసం మీటరు లోతు ఉండేలా, లేకపోతే ఇంపెల్లర్ రాళ్ళను పీల్చుకుంటుంది. ముందూ వెనకా పట్టీలతో బిగించాం. సీటు తీసి, పెట్రోలు ఆవిరి పోయేదాకా కొంతసేపు ఆగాం. ఫిల్టరుకూ కార్బురేటర్‌కూ మధ్య నల్ల గొట్టం తీసి, వేలెడు పొడవున పారదర్శకమైన గొట్టం పెట్టాం. అది పరీక్షకే, పరీక్ష కాగానే తీసేయాలి. అలాంటి ప్లాస్టిక్ పెట్రోలుకు గట్టిపడి పగులుతుంది. మిత్రుడు థ్రాటిల్ పట్టుకున్నాడు, నేను టార్చి వేసి చూస్తున్నాను.

ఐడిల్‌లో గొట్టం నిండుగా ఉంది. ఎంత నిండుగా అంటే ఖాళీగా ఉందేమోనని భ్రమ కలిగింది, పెట్రోలు కదులుతున్న జాడే లేదు. పావు థ్రాటిల్. ఒక మూల ఆవగింజంత బుడగ వచ్చి గోడకు అతుక్కుంది. సగం. బుడగ జారిపోయింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. పూర్తి థ్రాటిల్. పూసల దండ లాగినట్టు బుడగలు వరసగా పరుగెత్తాయి. మరో రెండు క్షణాల్లో పూసలు కలిసిపోయి పొడుగాటి గాలి ముక్కలయ్యాయి, వాటి మధ్య పెట్రోలు చుక్కలు చుక్కలుగా వెళ్తోంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ మూలిగింది. ఇన్నాళ్ళూ చెవితో విన్నదాన్ని ఆ వేలెడు గొట్టంలో కంటితో చూశాను.

గాలి ఎక్కడి నుంచి వస్తోంది? బయట ఎక్కడా తడి లేదు, వాసన లేదు. నన్ను ఇన్నాళ్ళూ మోసం చేసింది ఇదే. పంపు కార్బురేటర్‌లోనే ఉంటుంది. దానికి ముందున్న దారంతా పీల్చే దారి, తోసే దారి కాదు. పీల్చే దారిలో పగులు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. ఇంజన్ ఆపితే ఆ పగులు మూగదవుతుంది. ఆన్, రిజర్వ్, ఆఫ్ మీటలు ఉండే వాల్వు ట్యాంకులోని మట్టానికి పైన ఉంటుంది, కాబట్టి అక్కడ లీకైనా చుక్క రాలదు. ట్యాంకు నిండుగా ఉంటే పంపు తక్కువ ఎత్తుకు లాగాలి, లోపలికొచ్చే గాలీ తక్కువ. మట్టం దిగినకొద్దీ ఎక్కువ ఎత్తుకు లాగాలి, లాగుడు పెరిగినకొద్దీ గాలీ ఎక్కువ. ‘ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు’ అన్న ప్రశ్నకు ఇన్నాళ్ళకు అర్థం తెలిసింది.

వాల్వును తప్పించి, ట్యాంకు గొట్టాన్ని తిన్నగా ఫిల్టరుకు కలిపాం. బుడగలు మాయం. వాల్వు విప్పితే లోపల చిన్న రబ్బరు రింగు. గోటితో నొక్కితే లొంగాల్సింది, విరిగింది. అంతే లోపం.

అసలు పాఠం నాకు ఆ తరువాతే తగిలింది. కొత్త వాల్వు వేశాక బండి ముందుకంటే అధ్వానంగా నడిచింది. థ్రాటిల్ నొక్కితే బుడుగు బుడుగుమంటూ, పొగ కక్కుతూ, ఒక పేలుడు వదిలి ఒక పేలుడు అందుకుంటూ నీళ్ళ మీద కుంటింది. ప్లగ్గులు తీస్తే నల్లగా, తడిగా ఉన్నాయి. ఒక్క నిమిషం నిజంగానే ‘వాల్వు కాదేమో’ అనిపించింది. పాత వాల్వు తిరిగి పెట్టేద్దామా అన్నంత దూరం వెళ్ళాను. తరువాత వెలిగింది: గండి పూడింది, మడవ మాత్రం నేను తవ్వినంత వెడల్పుగా అలాగే ఉంది. రెండు స్క్రూలనూ తయారీదారు చెప్పిన చోటికి తిప్పాకే బండి బండిలా నడిచింది. దొంగ పరిష్కారంతో వచ్చే రెండో నష్టం ఇది. లోపాన్ని దాచడంతో అది ఆగదు, సరైన పరిష్కారం వచ్చిన రోజున దాన్ని తప్పుగా చూపిస్తుంది. ఎంతమంది మంచి విడిభాగాన్ని పీకేసి చెడ్డదాన్ని తిరిగి బిగించుకుని ఉంటారో!

ఇంత చెప్పాక ఎదురు వాదన వినకపోతే అన్యాయం. ‘పాత టూ-స్ట్రోక్‌లలో చాలాసార్లు తప్పు కార్బురేటర్‌దే. ముందు దాన్ని విప్పి కడిగితే సగం పని అయిపోతుంది. నీ వాల్వు కథ ఎక్కడో ఒకటి’ అంటారు అనుభవజ్ఞులు. కాదనను. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఆవిరై జెట్లలో జిగురుగా మిగులుతుంది, డయాఫ్రం అట్టలా బిగుసుకుపోతుంది. కడగాల్సిందే. కానీ కార్బురేటర్ మురికిని తనలో తాను పుట్టించదు, అది ఎక్కడి నుంచో రావాలి. తొంభైల నాటి కొన్ని బళ్ళలో వాడిన బూడిద రంగు పెట్రోలు గొట్టాలు లోపలి వైపు కరిగి, ఆకుపచ్చ జిగురుగా మారి, కార్బురేటర్ లోపలి చిన్న జాలీని పూడుస్తాయి. బయటి నుంచి చూస్తే గొట్టం బాగానే ఉంటుంది. కార్బురేటర్ కడిగి, గొట్టం వదిలేస్తే కొంతకాలం హాయిగా నడుస్తుంది. మళ్ళీ పూడుతుంది, మళ్ళీ కడుగుతారు. ఏటేటా అదే పని చేసుకుంటూ ‘ఈ కార్బురేటర్లే అంత’ అనేవాళ్ళను చూశాను. కార్బురేటర్ విప్పడానికి నాకు అభ్యంతరం లేదు. విప్పినప్పుడు జాలీ మీద ఏముందో చూడకుండా కడిగేయడానికే అభ్యంతరం. అక్కడున్నది మురికి కాదు, సాక్ష్యం. ఆకుపచ్చగా ఉంటే గొట్టం, ఎర్రటి పొడి ఉంటే తుప్పు, నీటి చుక్క ఉంటే పెట్రోలు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు తన పరిమాణంలో సుమారు అర శాతం నీటినే కలుపుకోగలదు. అది దాటితే నీరూ ఇథనాలూ జంటగా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే.

రెండో ఎదురు వాదన కొత్త బళ్ళవాళ్ళది. 2002లో యమహా ఎఫ్ఎక్స్140, సీ-డూ జీటీఎక్స్ 4-టెక్ లాంటి ఫోర్-స్ట్రోక్‌లు వచ్చాక స్క్రూలు పోయాయి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి, కంప్యూటరే లోపం కోడ్ చెబుతుంది, ఇంకా ఈ బుడగల గొడవ ఏమిటంటారు. కోడ్ చాలా ఉపయోగమే, మొదట చదవాల్సింది కూడా అదే. చాలాసార్లు ఆ బండి మొరాయించడం లేదు, కంప్యూటర్ ఇంజన్‌ను కాపాడటానికి వేగం కట్టేసింది. కానీ కోడ్ చెప్పేది ఏ సెన్సరు అంకె హద్దు దాటిందో మాత్రమే, ఎందుకు దాటిందో కాదు. పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సరు చాలా బళ్ళలో అసలు ఉండదు. పంపు నీరసపడితే కంప్యూటర్‌కు నేరుగా తెలియదు, ఒత్తిడి మీటరు తగిలించిన మనిషికే తెలుస్తుంది. ఇంజన్‌లోకి గాలిని గట్టిగా తోసే సూపర్‌చార్జర్ ఉన్న బళ్ళలో, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టం ఒకటి క్లాంపు నుంచి జారినా పైవేగం పోతుంది. కోడ్ చూసి సెన్సరు మార్చడానికీ, మూలుగు విని స్క్రూ తిప్పడానికీ నాకైతే తేడా కనబడదు.

ఇంకొక లోపం గురించి చెప్పాలి, దాని విరుగుడు నాకు చాలా ఇష్టం. బయల్దేరినప్పుడు బాగా నడిచి, కొన్ని నిమిషాలకు నీరసపడి, ఒడ్డుకొచ్చి సీటు తీసి చూసేసరికి మళ్ళీ బాగుపడే బండి ఒకటుంటుంది. ఏం చేసినా దొరకదు. ఎందుకంటే చూడటానికి సీటు తీయడమే దాన్ని బాగుచేస్తోంది. ఎగ్జాస్టు గొట్టం ఎక్కడో పగిలి పొగ పొట్టలోనే నిండుతుంది, ఇంజన్ తన పొగ తానే పీల్చి ఉక్కిరిబిక్కిరవుతుంది. సీటు తీయగానే గాలి ఆడుతుంది. బండిని కట్టేసి నీళ్ళలోనే సీటుతో కొంతసేపు, సీటు లేకుండా కొంతసేపు నడిపితే తేలిపోతుంది. ఆ పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి, ముఖం లోపల పెట్టి చూడకూడదు.

నిప్పురవ్వ గురించి ఎక్కువ చెప్పను. గాలిలో ప్లగ్గు మెరిసినంత మాత్రాన సిలిండర్ ఒత్తిడిలో కూడా మెరుస్తుందని కాదు. పెట్రోలు ఆవిరి ఉన్న పొట్టలో రవ్వ ఆడించి చూడటం మాత్రం ఎవరూ చేయకూడని పని.

నేను మొదట చేయాల్సి ఉండి చివర చేసింది కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలదో కొలవడం. పది నిమిషాల పని. రెండు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు తీగలను రవ్వ రాకుండా ఇంజన్ లోహానికి కలిపి, మీటరు బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని తిప్పాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే గాలి అందక అంకె తక్కువ చూపుతుంది. రెండు సిలిండర్ల మధ్య పది శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టాలి. పిస్టన్ అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు, అలాగైతే పెట్రోలు ఎంత సరిచేసినా లాభం లేదు. నేను ఒక వేసవి అంతా పలచని మిశ్రమంతో బండిని నడిపాక, వాల్వు దొరికాక, అప్పుడు గుర్తొచ్చి, గుండె చేతిలో పెట్టుకుని మీటరు బిగించాను. రెండు అంకెలూ దాదాపు సమానంగా వచ్చాయి. అది నా ఘనత కాదు. పది లెక్క దాటాక థ్రాటిల్ వదిలేసే పిరికితనం నన్ను కాపాడింది.

ఇప్పుడు సీటు కింద ఒక తెల్ల టేపు అతికించి ఉంది. రెండు స్క్రూలూ ఎన్ని చుట్లలో ఉన్నాయో, ప్లగ్గులు ఎప్పుడు మార్చానో, కంప్రెషన్ అంకెలు ఎంతో దాని మీద ఉంటాయి. ఏ మరమ్మతు చేసినా ఒకసారికి ఒకటే మారుస్తాను. నిండు ట్యాంకుతో పరీక్షించను. ముల్లు పావుకు దిగేదాకా నడిపి, నిశ్చలమైన నీటి మీద థ్రాటిల్ పూర్తిగా నొక్కి లెక్కపెడతాను. ముప్పై దాటినా గొంతు మారకపోతే టేపు మీద తేదీ రాస్తాను.